చిరునామాకు ఇద్దరు సాక్షులు

(స్మారక ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఒక సబ్‌పోస్టుమాస్టరు గారి జ్ఞాపకార్థం ఏటా జరుగుతోంది. పదిమందికి పనికొచ్చే సంగతి ఒకటి పదిమందికీ అర్థమయ్యేలా చెప్పించాలన్నది ఈ ధర్మనిధిని నెలకొల్పిన దాతల షరతు. ఉద్యోగ జీవితమంతా చిరునామాలు చదువుతూ గడిపిన మనిషి పేరు మీద మాట్లాడమన్నాక విషయం కోసం నేను దూరం వెళ్లనక్కర్లేకపోయింది. చిరునామాల గురించే మాట్లాడతాను.

ప్రభుత్వం దగ్గర ఇళ్ల చిరునామాల జాబితా ఉంటుంది. ఆ వీధుల్లో తిరిగే జనం తమకు తాముగా గీసుకున్న పటం ఇంకొకటి ఉంటుంది. ఈ రెండింటినీ ఎలా కలపాలి, కలిపినప్పుడు రెండూ రెండు రకాలుగా చెబితే ఎవరి మాట నిలవాలి అన్నవి ఈ పూట నా ప్రశ్నలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జాబితా, పటం ఒకే మాట చెప్పిన చోట మనకు కొత్తగా తెలిసేది తక్కువ. అవి పొసగని చోటే కలపడం వల్ల వచ్చే లాభమంతా ఉంది. ఆ తేడాలను దాచిపెట్టకుండా వరసగా రాసి, ఒక్కోదానికి జవాబు చెప్పాల్సిన వాళ్లెవరో తేల్చుకున్న దేశాల్లో పని సాగింది. తేల్చుకోని చోట డబ్బూ శ్రమా చాలానే వృథా అయ్యాయి.

జాబితా, పటం

ముందు జాబితా సంగతి చూద్దాం. వీధికి పేరు పెట్టడం, ఇంటికి అంకె వేయడం దాదాపు అన్ని దేశాల్లోనూ స్థానిక పాలకుల పని. పన్ను, తపాలా, జనగణన, ఓటర్ల జాబితా అన్నీ దాని మీదే నడుస్తాయి. పారిస్‌లో ఇవాళ కనిపించే ఇళ్ల అంకెల పద్ధతి నెపోలియన్ కాలంలో, 1805లో వచ్చింది. సేన్ నది వెంబడి సాగే వీధుల్లో అంకెలు నది పారే దిక్కుకు పెరుగుతాయి. నదికి అడ్డంగా పోయే వీధుల్లో నది వైపు నుంచి మొదలవుతాయి. బేసి అంకెలు ఎడమ పక్క, సరి అంకెలు కుడి పక్క. ఆ నియమం తెలిసిన కొత్త మనిషి ఇళ్ల అంకెలు చూసి నది ఎటుందో చెప్పగలడు. ఇంకో రెండేళ్లకు, 1807లో, భూమి పన్ను కోసం దేశమంతా కమతాల సర్వే పటాలు తయారు చేయాలని చట్టం చేశారు. ఫ్రెంచివాళ్లు దాన్ని కదాస్త్ర్ అంటారు. ఇప్పటికీ పన్నుల శాఖ చేతిలోనే ఉన్న ఆ పటాల ప్రస్తావన మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

ఇక జనం గీసిన పటం. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ అనే యువకుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను మొదలుపెట్టాడు. ఆ దేశపు సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలు చాలా నాణ్యమైనవి, కానీ అప్పట్లో వాటిని వాడుకోవాలంటే రుసుములు, షరతులు. అందుకని జీపీఎస్ పరికరం జేబులో వేసుకుని నడిచి, సైకిలు తొక్కి, ఎవరి వీధి వాళ్లే గీసి అందరికీ ఇచ్చేద్దామన్నది అతని ఆలోచన. ఇవాళ అది ప్రపంచమంతటి పటం. ఖాతా తెరిచిన ఎవరైనా అందులో దిద్దవచ్చు. ఒక ఇంటి మీద చుక్క పెట్టి, ఇంటి నంబరుకు ఒక గడి, వీధి పేరుకు ఒక గడి, పిన్‌కోడుకు ఒక గడి నింపితే అది చిరునామా అవుతుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రంతా అందులోనే ఉంటుంది.

వేర్వేరు మార్గాల్లో తయారైనవి కనుక వీటి లోపాలూ వేరు. పంచాయతీ తీర్మానం చేసిన రోజే పేరు జాబితాకెక్కుతుంది, కానీ వీధి మొగలో బోర్డు పెట్టారో లేదో జాబితాకు తెలియదు. పటం గీసే కుర్రాడు బోర్డు ఫొటో తీసుకొస్తాడు, కానీ అతను తిరగని పేటలో ఇళ్లున్నా పటంలో ఖాళీయే కనిపిస్తుంది. కిరాణా కొట్టువాడి ఖాతా పుస్తకం, ఇంట్లో మనం రాసుకున్న పద్దు పక్కపక్కన పెట్టుకున్నట్టు ఉంటుంది వీటిని కలిపే పని. లెక్క సరిపోయిన తారీఖుల మీద ఎవరూ ఆగరు. తేడా వచ్చిన తారీఖు దగ్గరే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు.

ఫ్రాన్స్‌లో జరిగింది

ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టిన దేశాల్లో ఫ్రాన్స్ అనుభవం అన్నిటికంటే విపులమైనది. అందుకే అక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఫ్రాన్స్‌లో దాదాపు 35 వేల కమ్యూన్లున్నాయి. కమ్యూన్ అంటే మన పంచాయతీ, పురపాలక సంఘం రెండింటికీ కలిపి ఒకటే అనుకోండి. వీధికి పేరు పెట్టేది ఆ కమ్యూన్ సభ. సభ తీర్మానం చేశాక ఆ సమాచారం నాలుగైదు చోట్లకు వేర్వేరుగా ప్రయాణించేది. పన్నుల శాఖకు ఫాంతువార్ అనే వీధుల పట్టిక ఉండేది. తపాలా సంస్థ లా పోస్ట్‌కు బట్వాడా కోసం తన జాబితా ఉండేది. ఐజీఎన్ అనే జాతీయ భౌగోళిక సంస్థకు పటాల కోసం ఇంకొకటి. జనగణన చేసే ఇన్‌సే సంస్థ పదివేల జనాభా దాటిన కమ్యూన్లకు భవనాల రిజిస్టరు ఒకటి నడిపేది. అగ్నిమాపక దళాలు జిల్లాకొక జాబితా రాసుకునేవి. ఒకే వీధి ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా ఉండేది. ఒకరి జాబితాలో దిద్దుబాటు జరిగినా మిగతావాళ్లకు అందేది కాదు.

2014లో అక్కడి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బృందం బానో అనే పని తలకెత్తుకుంది. పన్నుల శాఖ కమతాల పటాల్లో ఇంటి నంబర్లు రాసి ఉంటాయి. ఆ నంబర్లు, వాటి స్థానాలు తీసుకున్నారు. కొన్ని నగరాలు స్వయంగా విడుదల చేసిన చిరునామాలు చేర్చారు. వీధుల పేర్లు, గీతలు తమ పటం నుంచి తెచ్చుకున్నారు. మూడూ కలిపి దేశమంతటికీ ఒకే చిరునామాల ఫైలు తయారుచేసి ఉచితంగా బయట పెట్టారు. దేశంలోని పెద్ద సంస్థలన్నీ విడివిడిగా నడుపుకుంటున్న పనిని ఔత్సాహికులు ఒకే ఫైలుగా చేసి చూపించడంతో ప్రభుత్వంలో కదలిక వచ్చింది. 2015 ఏప్రిల్ 15న నలుగురు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ప్రభుత్వం, ఐజీఎన్, లా పోస్ట్, నాలుగోది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫ్రాన్స్ అనే స్వచ్ఛంద సంఘం. అలా పుట్టింది జాతీయ చిరునామాల నిధి. దాని పొడి అక్షరాలు బాన్. అందులో దాదాపు రెండున్నర కోట్ల చిరునామాలున్నాయి. ప్రభుత్వ సంస్థల పక్కన ఒక సంఘం సమాన హోదాలో సంతకం చేయడం ఆ రోజుల్లో అరుదు. ఇవాళ్టికీ అరుదే.

ఒప్పందం కుదిరినంత మాత్రాన చిక్కులు పోలేదు. అవి ఎక్కడ వచ్చాయో చూస్తే మనకు ఎక్కువ ఉపయోగం.

పేర్లు కుదర్చడం

మొదటి చిక్కు పేర్లది. పన్నుల శాఖ పట్టికలో వీధి పేరు పెద్దక్షరాల్లో, ఫ్రెంచి స్వరచిహ్నాలు లేకుండా, కుదించి ఉండేది. జనరల్ ద గోల్ పేరిట ఉన్న అవెన్యూ అక్కడ రెండు మూడు పొట్టి ముక్కలుగా కనిపించేది. పటంలో అదే పేరు బోర్డు మీద ఉన్నట్టు నిండుగా ఉండేది. మనిషి ఒక్క చూపులో రెండూ ఒకటేనంటాడు. యంత్రం అనలేదు. అందుకని అక్షరాలను ఒక తీరుకు తెచ్చి, కుదించిన మాటలను విప్పి, మిగిలిన తేడా ఎంత చిన్నదో లెక్కగట్టి జోడీ కలిపారు. జోడీ దొరకని పేర్లను కమ్యూన్ల వారీగా చూపించే ఒక పేజీ పెట్టి, దానికి సరదాగా పిఫోమెత్ర్ అని పేరు పెట్టారు. గుడ్డి అంచనాలు కొలిచే పరికరమన్నమాట. ఔత్సాహికులు తమ కమ్యూన్ పేజీ తెరిచి, జత దొరకని పేర్లను ఒక్కొక్కటే పట్టుకుని వెళ్లేవాళ్లు. కొన్ని చోట్ల పటంలో వీధి లేదు, గీశారు. కొన్ని చోట్ల పేరులో అక్షరం తప్పు, దిద్దారు. ఇంకొన్ని చోట్ల పట్టికలోని వీధి నేల మీద ఎక్కడా లేదు, అది ప్రభుత్వం సరిచూసుకోవలసిన పేరు. తేడాల జాబితాయే పనుల జాబితా అయింది.

రెండో చిక్కు ఒకే పేరున్న వీధులది. ఫ్రాన్స్‌లో చిన్న కమ్యూన్లు కలిసిపోయి కొత్త కమ్యూన్లుగా ఏర్పడడానికి 2010లో చట్టం చేశారు. పాత పల్లెల్లో చర్చి వీధి లేని ఊరుండదు. నాలుగు పల్లెలు కలిస్తే ఒకే కమ్యూన్‌లో నాలుగు చర్చి వీధులు, నాలుగింట్లోనూ అయిదో నంబరు ఇల్లు. మనకూ ఇది కొత్త కాదు. 2007లో హైదరాబాద్ నగరపాలక సంస్థలో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను కలిపినప్పుడు ఒక్కో సంఘం నంబర్ల వరస దాని వెంటే వచ్చింది. 2016లో తెలంగాణలోనూ, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ కొత్త జిల్లాలు వచ్చినప్పుడు లక్షల చిరునామాల్లో ఆఖరి వరస ఒక్క రోజులో మారిపోయింది. ఇల్లు కదల్లేదు, గుమ్మం కదల్లేదు. అందుకే పేరుతోనూ జిల్లాతోనూ నిమిత్తం లేని స్థిరమైన గుర్తు ఒకటి ప్రతి చిరునామాకూ ఉండాలి. అది లేకపోతే ఈ ఏడు కలిపిన జాబితాను వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి కలపాల్సి వస్తుంది.

మూడోది చుక్క ఎక్కడ పెట్టాలన్నది. కమతం నడిమధ్యనా, ఇంటి మీదనా, వీధి గుమ్మం దగ్గరా? ఫ్రెంచి జాబితా ఈ తేడాను కప్పిపుచ్చకుండా ప్రతి చుక్క పక్కనా అది ఏ రకం స్థానమో రాస్తుంది. ప్రవేశ ద్వారమని, భవనమని, కమతమని, వీధి ముక్క అని. నగరంలో ఇది పెద్ద విషయంగా కనిపించదు. పొలం మధ్య ఇల్లు ఉండి, దారి పొలం అవతలి గట్టు నుంచి వచ్చేచోట అంబులెన్సు డ్రైవరుకు అదే ముఖ్యం. కమతం మధ్యలోని చుక్కను గుమ్మం దగ్గరికి జరపాలంటే ఆ ఊరి మనిషి ఎవరో చెప్పాలి. జనం గీసిన పటం బలం అక్కడే ఉంది.

లైసెన్సు చిక్కు

ఇంతకంటే కష్టమైనది చట్టం ముడి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2012 సెప్టెంబరు నుంచి ఓడీబీఎల్ అనే లైసెన్సు కింద ఉంది. దాని సారాంశం ఇది. ఈ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పాలి, దీంతో కొత్త సమాచార నిధి కట్టి బయట పెడితే దాన్నీ ఇదే షరతుల మీద ఇవ్వాలి. ఫ్రెంచి చిరునామాల నిధికి మొదట్లో రెండు దారులుండేవి. తిరిగి పంచుకుంటామనే షరతు ఒప్పుకున్నవాళ్లకు ఉచితం, ఒప్పుకోనివాళ్లకు రుసుము. నలుగురు సంతకందార్ల మధ్య అదొక రాజీ. రాజీ గనక ఎవరికీ పూర్తి సంతృప్తి కలగలేదు. 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వం దాన్ని ఓపెన్ లైసెన్సు కిందికి తెచ్చింది. మూలం చెబితే చాలు, ఇంకే షరతూ లేదు.

దీంతో అంతా సుగమమైందని మనం అనుకుంటాం. కానీ తలుపు ఒకవైపే తెరుచుకుంది. ప్రభుత్వ జాబితాలోని చిరునామాను పటంలోకి తీసుకోవచ్చు. పటంలోని చిరునామాను ప్రభుత్వ జాబితాలోకి యథాతథంగా ఎక్కిస్తే, పటం అడిగే షరతును తగ్గించి పంచినట్టవుతుంది. అది కుదరదు. మరి పటం గీసినవాళ్లకు తెలిసిన సంగతి ప్రభుత్వానికి చేరేదెలా? డేటాగా చేరలేనిది ఫిర్యాదుగా చేరవచ్చు. ఫలానా వీధిలో ఫలానా నంబరు దగ్గర మీ జాబితాలో తేడా ఉంది, చూసుకోండి అని సూచన పంపవచ్చు. కమ్యూన్ ఉద్యోగి వెళ్లి చూసి తన చేత్తో దిద్దితే అది కమ్యూన్ సొంత నిర్ణయం. ఈ ఏర్పాటును చట్టం పెట్టిన ఇబ్బందిగా చాలామంది విసుక్కున్నారు. నాకు ఇది మేలే అనిపిస్తుంది. జాబితాలోకి ఎక్కే ప్రతి మాటకూ జవాబుదారీ ఒకరున్నారన్న హామీ దీనివల్ల నిలబడింది.

2022 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ఇంకో అడుగు వేసింది. అంతకుముందు వీధుల పేర్ల జాబితా తయారుచేసే బాధ్యత రెండు వేల జనాభా దాటిన కమ్యూన్లకే ఉండేది. కొత్త చట్టం చిన్న పల్లెలతో సహా ప్రతి కమ్యూన్‌కూ ఆ బాధ్యత పెట్టింది. వీధికి పేరు, ఇంటికి అంకె ఇచ్చి, ఆ స్థానిక జాబితాను బహిరంగంగా ప్రచురించాలి. కమ్యూన్ తానే ధ్రువీకరించిన చిరునామా పక్కన ఆ సంగతి గుర్తు ఉంటుంది. ఫైబర్ ఇంటర్నెట్ తీగలు వేసేవాళ్లు, అగ్నిమాపక దళాలు, సరుకు బట్వాడా చేసేవాళ్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నది దీని కోసమే. పల్లెల్లో చాలా ఇళ్లకు ఒక చేను పేరో తోపు పేరో తప్ప అంకె ఉండేది కాదు. అలాంటిచోట మీటర్ల లెక్కన నంబర్లు వేయడం బాగా అలవాటైంది. దారి మొదలు నుంచి 350 మీటర్ల దూరంలో ఉన్న ఇంటికి 350వ నంబరు. రేపు మధ్యలో కొత్త ఇల్లు కట్టినా దానికి తగిన అంకె ముందే ఖాళీగా ఉంటుంది. వచ్చే డ్రైవరుకు ఎంత దూరం పోవాలో నంబరే చెబుతుంది. బ్రెటన్, బాస్క్ వంటి ప్రాంతీయ భాషల్లో వీధి పేరు రాయడానికి ఆ పట్టికలో విడిగా గడులున్నాయి. మన తెలుగు, ఉర్దూ పేర్ల సంగతి వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది.

మరి నాలుగు దేశాలు

మిగతావి క్లుప్తంగా చెబుతాను. డెన్మార్క్ 2002లోనే అధికారిక చిరునామాలను వాటి స్థానాలతో సహా ఉచితం చేసింది. దాని ఫలితం ఎంతో లెక్క కట్టిన అధ్యయనం 2010లో వచ్చింది. 2005 నుంచి 2009 దాకా ప్రత్యక్ష లాభం సుమారు 6 కోట్ల 20 లక్షల యూరోలు, ఖర్చు సుమారు 20 లక్షల యూరోలు అని తేలింది. లాభంలో దాదాపు 30 శాతం ప్రభుత్వ రంగానిదే. అంటే అమ్ముకోవడం మానేసిన సరుకు వల్ల అమ్మినవాడూ బాగుపడ్డాడు.

నెదర్లాండ్స్‌లో చిరునామాలకూ భవనాలకూ కలిపి ఒకే మూల రిజిస్టరు ఉంది. దాని చట్టం 2009లో అమల్లోకి వచ్చింది. అందులోని ఒక నియమం మీద మీ దృష్టి నిలపాలి. ఆ రిజిస్టరు వాడే ప్రభుత్వ కార్యాలయానికి ఏదైనా చిరునామా మీద సహేతుకమైన అనుమానం వస్తే, ఆ సంగతి పురపాలక సంఘానికి తెలపడం తప్పనిసరి. సంఘం దాన్ని విచారించాలి. తప్పు కనిపెట్టినవాడు ఊరుకోకూడదన్న మాట అక్కడ చట్టంలోనే ఉంది. 2014లో డచ్ ఔత్సాహికులు ఈ రిజిస్టరులోని చిరునామాలను తమ పటంలోకి తెచ్చుకున్నారు. ఒకేసారి కుమ్మరించకుండా, ప్రాంతాలు పంచుకుని, పటంలో ముందే ఉన్నవాటితో సరిచూసుకుంటూ చేశారు.

కుమ్మరిస్తే ఏమవుతుందో అమెరికాలో కనిపించింది. అక్కడి జనగణన శాఖ టైగర్ పేరుతో ఉచితంగా ఇచ్చే రోడ్ల సమాచారాన్ని 2007, 2008 సంవత్సరాల్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి మూకుమ్మడిగా ఎక్కించారు. రాత్రికి రాత్రి పటం నిండిపోయింది. నిండినవాటిలో వంకర గీతలు, లేని దారులు, పక్కకు జరిగిన కూడళ్లు బోలెడు. ప్రతి రోడ్డుకూ ఇంకా ఎవరూ సరిచూడలేదు అనే చీటీ తగిలించారు. ఆ చీటీలు తీసే పని ఏళ్ల తరబడి సాగింది. ఖాళీ పటాన్ని చూస్తే మనిషికి గీయాలనిపిస్తుంది. తప్పులతో నిండిన పటాన్ని చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు.

జాబితాకు తాళం వేస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో చూడవచ్చు. 2013లో రాయల్ మెయిల్‌ను ప్రైవేటుపరం చేసినప్పుడు దేశంలోని చిరునామాల ఫైలు కూడా దాంతోపాటే పోయింది. దాన్ని అమ్మడం పొరపాటని 2014లో కామన్స్ సభ కమిటీ ఒకటి తన నివేదికలో తప్పుబట్టింది. జనం సహకారంతో స్వేచ్ఛగా వాడుకునే చిరునామాల జాబితాను కొత్తగా కట్టడానికి ప్రభుత్వమే 3 లక్షల 83 వేల పౌండ్లు ఇచ్చింది. ఆ ప్రయత్నం 2015లో ఆగిపోయింది. ఒక చేత్తో అమ్మినదాన్ని ఇంకో చేత్తో మళ్లీ పుట్టించబోయి డబ్బు పోగొట్టుకున్నారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పుట్టిన దేశంలోనే అధికారిక జాబితా పక్కన పెట్టి సరిచూసుకునే వీలు ఔత్సాహికులకు లేకుండా పోయింది.

మన గుమ్మం దగ్గర

ఇక మన ఇంటికి వద్దాం. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడు ఉత్తరాన్ని పోస్టాఫీసు దాకా తెస్తుంది. అక్కడి నుంచి ఇంటి దాకా తెచ్చేది పోస్టుమాన్ జ్ఞాపకశక్తి. హైదరాబాద్ పాత పద్ధతి డోర్ నంబరులో మొదటి అంకె వార్డుది, రెండోది బ్లాకుది, మూడోది ఇంటిది. స్థలం పంచుకున్నకొద్దీ దానికి గీతలు, అక్షరాలు తోకల్లా పెరుగుతాయి. ఆ తోకలో వరస ఉండదు కనుక వాటర్ ట్యాంకు ఎదురు సందు, రామాలయం వెనక మేడ అనే ఆనవాళ్లే మన అసలు చిరునామాలయ్యాయి. 2005లో 108 అంబులెన్సు సేవ హైదరాబాద్‌లోనే మొదలైంది. ఫోను ఎత్తినవాళ్లు మొదట తేల్చుకోవలసింది ఆ ఆనవాలు ఎక్కడిదన్నదే.

2025 మేలో తపాలా శాఖ డిజిపిన్‌ను తెచ్చింది. దాన్ని ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, తపాలా శాఖ కలిసి రూపొందించాయి. దేశాన్నంతా దాదాపు నాలుగు మీటర్ల గడులుగా విభజించి, ఒక్కో గడికి పది అక్షరాల సంకేతం ఇస్తుంది. అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్కగట్టి వచ్చేది కనుక ఎవరి అనుమతీ, ఏ రిజిస్టరూ అక్కర్లేదు. అడవిలో చెట్టుకు కూడా డిజిపిన్ ఉంటుంది. మన ఊళ్లో తయారైనందుకు సంతోషిస్తూనే దాని హద్దు తెలుసుకోవాలి. అది చోటును చెబుతుంది. ఒకే మేడలో కింద వాటాకూ పై వాటాకూ ఒకే సంకేతం రావచ్చు. ఏ సందులోంచి వెళ్లాలో అది చెప్పదు. ఆ సందు పేరేమిటో, ఆ ఇంటి నంబరు ఎవరు నిర్ణయించారో అందులో లేదు. జాబితా, పటం కలిసే చోట డిజిపిన్ మంచి మేకులా పనిచేస్తుంది. అదొక్కటే చిరునామా కాలేదు.

మన దగ్గర సరుకు లేకపోలేదు. ప్రతి పంచాయతీలో ఇంటి పన్ను రిజిస్టరు ఉంది. 2020 ఏప్రిల్‌లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో గ్రామ నివాస ప్రాంతాలను కొలుస్తున్నారు. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో భారతీయులకు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతుల బెడద చాలావరకు పోయింది. ప్రభుత్వ సమాచారాన్ని బహిరంగంగా ఇవ్వడానికి 2017 నుంచి లైసెన్సు కూడా ఉంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు, అంతే.

వాటిని కలిపేముందు మనకు మాత్రమే ఉన్న జాగ్రత్త ఒకటి చెప్పాలి. ఫ్రెంచి జాబితాలో మనుషుల పేర్లుండవు. మన పన్ను రిజిస్టరులో యజమాని పేరే ముందుంటుంది. ఆ గడి కొట్టివేయకుండా ఏదీ బయటికి రాకూడదు. పేరు తీసేసినా ఇంకొకటి మిగులుతుంది. మన ఊళ్లలో పేటలకూ వాడలకూ కులాల పేర్లున్నాయి. ఆ పేరు అధికారిక జాబితాగా దేశమంతా తిరిగితే, ఉద్యోగ దరఖాస్తులోని చిరునామా వరసే అభ్యర్థి కులం చెప్పేస్తుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో అలాంటి పేర్లు మార్చాలని నిర్ణయించింది. పటం గీసే ఔత్సాహికులు కూడా పక్కవీధివాళ్లు పిలిచే పేరును కాక, ఆ పేటవాళ్లు తమకు కావాలనుకున్న పేరును రాయాలి. ఇందులో సాంకేతికమైనది ఏమీ లేదు. ఎవరిని అడిగామన్నదే ప్రశ్న.

అక్షరాల చిక్కు ఇంకొకటి. మన వీధి పేరును ఇంగ్లిషు అక్షరాల్లో ఒక ఆఫీసు ఒకలా, ఇంకో ఆఫీసు ఇంకోలా రాస్తాయి. ఫ్రెంచివాళ్లకు కుదింపులు తెచ్చిన తలనొప్పి మనకు లిప్యంతరీకరణ తెస్తుంది. మూల గడిలో పేరు తెలుగులోనే ఉండాలి. ఉర్దూ వాడే చోట ఉర్దూకూ ఒక గడి, ఇంగ్లిషు రూపానికి ఇంకొకటి. పోల్చి చూసేది తెలుగు గడిని. అప్పుడు సగం తగువులు పుట్టవు.

చేయదగినవి

ఉపన్యాసం ముగించే ముందు చేతికందే పనులు చెప్పకపోతే దాతల షరతు తీరినట్టు కాదు. నాలుగు చెబుతాను.

మొదటిది, పంచాయతీ తన ఇళ్ల నంబర్లను యజమానుల పేర్లు లేకుండా, ఒక్కో గుమ్మానికి ఒక చుక్కతో, మూలం చెబితే చాలనే లైసెన్సు మీద ప్రచురించాలి. రెండోది, ప్రతి చిరునామాకూ మార్పులేని గుర్తు ఒకటి ఇవ్వాలి. ఇల్లు కూలినా ఆ గుర్తును వేరే ఇంటికి ఇవ్వకూడదు. జిల్లా మారినా అది మారకూడదు. మూడోది పటం గీసేవాళ్లకు. ప్రైవేటు కంపెనీల మ్యాపులు చూసి నకలు చేయవద్దు, ప్రభుత్వ జాబితా దొరికింది కదా అని ఒక్కసారిగా పటం మీద పోయవద్దు. ఒక వార్డు తీసుకుని, నడిచి, సరిచూసి ఎక్కించండి. కాలేజీ పిల్లలకు ఇంతకంటే మంచి సేవా కార్యక్రమం నాకు కనిపించడం లేదు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. జాబితాకూ పటానికీ పొసగని చిరునామాలను పంచాయతీ వారీగా బహిరంగంగా పెట్టాలి. ప్రతి తేడాకూ ఇన్ని రోజుల్లో పంచాయతీ కార్యదర్శి జవాబివ్వాలని నియమం ఉండాలి. పటమే సరి అనవచ్చు, జాబితాయే సరి అనవచ్చు, రెండూ తప్పు అనవచ్చు. జవాబు మాత్రం రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. డచ్చివాళ్లు చట్టంలో రాసుకున్నదీ, ఫ్రెంచివాళ్లు లైసెన్సు అడ్డంకి వల్ల చేరుకున్నదీ చివరికి ఇదే పద్ధతి. దీనికి ఉపగ్రహం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. తప్పు చూపించినవాణ్ణి విరోధిగా చూడని ఆఫీసు ఒకటి, ఆఫీసు చెప్పిన జవాబును ఓపికగా చదివే పౌరులు కొందరు కావాలి.

ఏదో ఒక మండలంలో ఈ నాలుగో పని రేపే మొదలుపెట్టవచ్చు. మిగతా మూడూ పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఎందుకంటే ఎక్కడ ఏం లేదో, ఎవరు చేయాలో ఆ తేడాల జాబితాయే చెబుతుంది. ఈ సభకు వచ్చిన పంచాయతీ ఉద్యోగులు, కళాశాల అధ్యాపకులు మాట కలిపి మొదటి మండలం పేరు ఈ సాయంత్రమే తేలిస్తే, ధర్మనిధి పెట్టినవారి ఉద్దేశం నెరవేరుతుంది.